అన్నీ గాబా మందులే అయితే మూడు మాత్రలెందుకు?

అలిపిరి_అబ్బాయి
అమ్మకి పక్షవాతం వచ్చాక ఎడమ కాలు బిగుసుకుపోయింది. దానికి బాక్లోఫెన్ రాశారు. ఆ తర్వాత ఒకసారి ఫిట్స్ వచ్చాయని క్లోబజామ్. షుగర్ వల్ల అరికాళ్ళు మంటలని వేరే డాక్టరు గాబాపెంటిన్. మొన్న మందుల షాపులో కుర్రాడు చీటీ చూసి "ఇవన్నీ గాబా మందులే కదా సార్, మూడూ ఎందుకు రాశారో" అని నవ్వాడు. డాక్టరుని అడిగితే "రాసింది వెయ్యండి" అని తరువాత పేషెంటుని పిలిచేశాడు. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే గాబా-ఏ, గాబా-బీ, ఆల్ఫా-1, గామా-2 అని పేజీల కొద్దీ ఉంది. మెదడుని నెమ్మదింపజేసే రసాయనం గాబా ఒకటే అయినప్పుడు దాన్ని అందుకునే రిసెప్టార్లు ఇన్ని రకాలెందుకు? అమ్మకి ఒకటే మందు మూడుసార్లు వేస్తున్నామా? తెలిసినవాళ్ళు చెప్పండబ్బా, టెన్షన్‌గా ఉంది.

పుంగనూరు_పొట్టావు
ముందు ఆ కుర్రాడిని షాపులోంచి తీసుకెళ్ళి న్యూరాలజీ ఓపీలో కూర్చోబెట్టండి. అక్కడ లైనైనా కదులుతుంది.

న్యూరో_నవ్య
అన్నా, ఒక మాట ముందే చెప్తా. ఏ మాత్రా మీరుగా ఆపొద్దు. ముఖ్యంగా బాక్లోఫెన్ ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్, లేనివి కనబడటం లాంటివి వస్తాయి.

ఇక మూడింట్లో గాబాపెంటిన్‌ని పక్కన పెట్టెయ్యండి. గాబాని చూసే దాన్ని తయారు చేశారు, పేరూ అలాగే పెట్టారు, కానీ అది గాబా రిసెప్టార్ల జోలికే పోదు. నాడీకణంలోకి కాల్షియం వెళ్ళే చానెళ్ళకి ఆల్ఫా-2-డెల్టా అనే భాగం ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకుంటుంది. అరికాళ్ళ మంట తగ్గేది అందుకే.

మిగిలిన రెండూ గాబా దారిలోవే, కానీ క్లోబజామ్ గాబా-ఏ మీద, బాక్లోఫెన్ గాబా-బీ మీద. గాబా-ఏ అంటే ఆల్ఫా, బీటా, గామా లాంటి పేర్లున్న ఐదు ప్రోటీన్ ముక్కలు వలయంగా చేరి మధ్యలో రంధ్రం వదిలిన చానెల్. గాబా తగలగానే మిల్లీసెకన్లలో తెరుచుకుంటుంది, క్లోరైడ్ లోపలికి వస్తుంది, కణం ఫైర్ కాకుండా ఆగిపోతుంది. గాబా-బీకి అసలు రంధ్రమే లేదు. అది కణం లోపలున్న జీ-ప్రోటీన్‌ని కదుపుతుంది. ఆ జీ-ప్రోటీన్ పోయి ఒకచోట పొటాషియం చానెళ్ళు తెరిపిస్తుంది, ఇంకోచోట కాల్షియం చానెళ్ళు మూయిస్తుంది. అందుకని దాని ప్రభావం నిదానంగా మొదలై ఎక్కువసేపు ఉంటుంది. రెండూ గాబాని గుర్తుపడతాయన్న మాటే గానీ, నిర్మాణంలో ఒకదానికొకటి చుట్టాలు కూడా కావు.

పుంగనూరు_పొట్టావు
అర్థమైంది మేడమ్. గాబా-ఏ 300 రూపాయల టికెట్టు, గాబా-బీ సర్వదర్శనం.

న్యూరో_నవ్య
తిరుపతిలో కూర్చుని ఇంతకన్నా బాగా చెప్పలేను, ఉంచేసుకుంటా 😄

నీలకంఠ_ఫార్మా
షాపు కుర్రాళ్ళని అంత తీసిపారేయకండి. పేరు చూసి పొరబడ్డాడు, అంతే. కానీ అతని అనుమానంలో పనికొచ్చే సంగతి ఒకటుంది. పనిచేసే చోట్లు వేరైనా, మూడూ మత్తు తెచ్చేవే. పెద్దావిడ పగలు తూలుతున్నారా, రాత్రి బాత్రూంకి లేచినప్పుడు పడే ప్రమాదం ఉందా చూసుకోండి. కిడ్నీలు బలహీనంగా ఉంటే గాబాపెంటిన్, బాక్లోఫెన్ రెండూ ఒంట్లో నిలిచిపోతాయి. షుగర్ ఉందన్నారు కాబట్టి క్రియాటినిన్ రిపోర్టు పట్టుకెళ్ళి అడగండి. అప్పుడు డాక్టరు "రాసింది వెయ్యండి" అని తప్పించుకోలేడు.

అలిపిరి_అబ్బాయి
పగలు కునుకు తీస్తానే ఉంటుంది. వయసనుకున్నాం. రిపోర్టు తీసుకెళ్తా అన్నా.

రిటైర్డ్_జువాలజీ
నవ్య బాగానే చెప్పింది. నేను పాఠం చెప్పిన కాలంలో పుస్తకాల్లో ఈ రెండో రకమే లేదు. గాబా మెదడులో ఉందని 1950లో తేలింది, యూజీన్ రాబర్ట్స్ వాళ్ళు ఎలుకల మెదడులో చూశారు. అదేదో జీవక్రియలో మిగిలిన పదార్థమే అని చాలామంది కొట్టిపారేశారు. 1957లో క్రే ఫిష్ నరాల మీద పరీక్షిస్తే, అంతకుముందు ఎర్నెస్ట్ ఫ్లోరీ పశువుల మెదడులోంచి తీసిన నిరోధక పదార్థంలో పనిచేసేది ఇదేనని బయటపడింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు గాబా రిసెప్టార్ అంటే ఒకటే. గాబాని అడ్డుకునే బైకుకులిన్ అనే పదార్థం వేస్తే ఆగిపోవాలి, ఆగితేనే అది గాబా పని. 1980లో లండన్‌లో నార్మన్ బౌరీ బృందం చూసిందేమంటే, గాబా వేస్తే నరాల చివర్ల నుంచి నోరాడ్రెనలిన్ అనే ఇంకో నాడీ రసాయనం విడుదల తగ్గుతోంది, బైకుకులిన్ వేసినా ఆగడం లేదు. పైగా బాక్లోఫెన్ అదే పని చేస్తోంది. బాక్లోఫెన్ అప్పటికే కాళ్ళ బిగువుకి వాడుకలో ఉంది. మందు ముందొచ్చి, అది పట్టుకునే రిసెప్టార్ తర్వాత దొరకడం అన్నమాట. ఆ జన్యువు చేతికి రావడానికి 1997 దాకా పట్టింది. మరుసటి ఏడాది ఇంకో సంగతి తెలిసింది. ఒక్క ప్రోటీన్‌తో అది పనిచెయ్యదు, రెండు వేర్వేరు ప్రోటీన్లు జతకట్టాలి. గాబాని పట్టుకునేది ఒకటి, కబురు లోపలికి చేర్చేది ఇంకొకటి.

సందేహం_సుబ్బు
మరి మూడోది గాబా-సీ ఏమైంది సార్? మా అన్న పుస్తకంలో ఉంది.

న్యూరో_నవ్య
సుబ్బూ, ఆ పేరు ఇప్పుడు వాడట్లేదు. కంటి రెటీనాలో ఎక్కువగా ఉండే రకం అది, రో అనే ముక్కలతో తయారవుతుంది. బైకుకులిన్‌కి లొంగదని వేరే పేరు పెట్టారు. తీరా చూస్తే అదీ ఐదు ముక్కల క్లోరైడ్ చానెలే. అందుకని గాబా-ఏ కుటుంబంలోనే కలిపేశారు.

సందేహం_సుబ్బు
అదే నా గొడవ. ఒకసారి విడదీస్తారు, ఒకసారి కలుపుతారు. ఈ "ఇన్ని రకాలు" అనేదాంట్లో సగం పేర్ల పిచ్చే. ఈ ముక్కలకి 19 జన్యువులు ఉన్నాయి కాబట్టి ఐదేసి చొప్పున పేరిస్తే వేల రకాలు అని రాసేస్తారు. లెక్కల్లో వస్తాయి, మెదడులో ఉండాలి కదా?

న్యూరో_నవ్య
లెక్కల వేలు మెదడులో లేవు, ఒప్పుకుంటా. 2008లో అంతర్జాతీయ ఫార్మకాలజీ సంఘం తరఫున జాబితా వేసినప్పుడు నిజమైన మెదడులో ఉన్నాయని ఖాయంగా తేల్చినవి 11, ఉండొచ్చు అన్నవి కలిపినా పాతిక చిల్లర. వాటిలో కూడా రెండు ఆల్ఫా-1, రెండు బీటా-2, ఒక గామా-2 కలిసినదే ఎక్కువ.

కానీ "పేర్ల పిచ్చి" అంటే ఒప్పుకోను. క్లోబజామ్, డయాజెపామ్ లాంటి బెంజోలు ఎక్కడ అతుక్కుంటాయో చూడు. గాబా కూర్చునే చోటు కాదు. ఆల్ఫా ముక్కకీ గామా ముక్కకీ మధ్య సందులో కూర్చుంటాయి. ఆ సందులో ఆల్ఫా-1, 2, 3, 5ల్లో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఆల్ఫా-4, ఆల్ఫా-6ల్లో అదే చోట ఆర్జినిన్ ఉంది. అంతే తేడా, బెంజో అక్కడ ఇమడదు.

1999లో స్విట్జర్లాండులో ఎలుకలకి ఆల్ఫా-1లో ఆ ఒక్క హిస్టిడిన్‌ని ఆర్జినిన్‌గా మార్చారు. వాటికి డయాజెపామ్ ఇస్తే మత్తుగా పడుకోలేదు. భయం మాత్రం తగ్గింది! ఆ తర్వాత ఆల్ఫా-2ని మార్చిన ఎలుకల్లో భయం తగ్గలేదు. అంటే ఒకే మాత్రలో నిద్ర ఒక ఆల్ఫా వల్ల, ధైర్యం ఇంకో ఆల్ఫా వల్ల. ఆల్ఫా-5 ఎక్కువగా హిప్పోకాంపస్‌లో ఉంటుంది, జ్ఞాపకాలకి సంబంధించిన చోటు. ఆల్ఫా-6 ముఖ్యంగా చిన్నమెదడులో. పేర్లు మాత్రమే అయితే ఒక్క అక్షరం మారిస్తే ఎలుక ప్రవర్తన మారుతుందా?

సందేహం_సుబ్బు
ఎలుకలకి ధైర్యం వచ్చింది, సంతోషం. 1999 నుంచి ఇప్పటిదాకా మత్తు లేకుండా ఆందోళన ఒక్కటే తగ్గించే ఆల్ఫా-2 మందు మా వీధి షాపులోకి వచ్చిందా మరి?

నీలకంఠ_ఫార్మా
రాలేదు. ట్రయల్స్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చినవే. ఇందులో సుబ్బుకి ఒక మార్కు ఇవ్వాల్సిందే. కానీ రెండో వైపూ చూడు. నిద్రమాత్ర జోల్పిడెమ్ రోజూ అమ్ముతున్నా కదా, అది బెంజో కాదు, అయినా అదే సందులో ఆల్ఫా-1 ఉన్నవాటినే ఎంచుకుని కూర్చుంటుంది. అందుకే నిద్రకి పనికొచ్చినంతగా ఫిట్స్‌కి పనికిరాదు. కౌంటర్‌లో నిలబడి చూస్తే రకాల తేడా రోజూ కనిపిస్తుంది.

శేషాచలం_చెట్లు
మీరంతా గాబా గాబా అంటున్నారు, మెదడుని ఆపేది గాబా ఒక్కటేనా? మన కొండల్లో ముష్టి చెట్టు చూశారా ఎవరైనా? విషముష్టి అంటారు. పండు నారింజ రంగులో చూడ్డానికి నోరూరేలా ఉంటుంది. పగలగొడితే గుజ్జులో గుండ్రంగా, బల్లపరుపుగా గింజలు, మీద మెత్తటి నూగు. ఎండిన గింజ రాయి కంటే గట్టి, కత్తి దిగదు. నాలుక మీద పెడితే చేదు దిగదు. ఆయుర్వేదంలో దాన్ని పాలల్లో శుద్ధి చేసి గానీ ముట్టుకోరు. దాంట్లో ఉండేది స్ట్రిక్నీన్. అది గాబా రిసెప్టార్‌ని కాదు, గ్లైసీన్ రిసెప్టార్‌ని మూసేస్తుందని చదివాను. నవ్యగారు చెప్పాలి.

న్యూరో_నవ్య
కరెక్ట్ సార్. వెన్నుపాములో, మెదడు కాండంలో కండరాలకి బ్రేకు వేసే పని చాలావరకు గ్లైసీన్‌ది. దాని రిసెప్టార్ కూడా ఐదు ముక్కల క్లోరైడ్ చానెల్, గాబా-ఏకి సొంత కుటుంబమే. స్ట్రిక్నీన్ దాన్ని మూసేస్తే వంగే కండరం, చాచే కండరం రెండూ ఒకేసారి బిగుస్తాయి. చిన్న చప్పుడైనా ఒళ్ళంతా విల్లులా వంగుతుంది. దారుణమేమంటే మనిషికి స్పృహ ఉంటుంది, ఎందుకంటే గొడవ వెన్నుపాములో జరుగుతోంది. విచిత్రంగా ఈ విషం వల్లే ఆ రిసెప్టార్ దొరికింది. 1980ల మొదట్లో జర్మనీలో హైన్రిష్ బెట్జ్ ప్రయోగశాల వాళ్ళు స్ట్రిక్నీన్ అతుక్కునే ప్రోటీన్‌ని వేరుచేసి పట్టుకున్నారు.

రాత్రి_డ్యూటీ
మీరు చెప్పిన ఆ వంగడం నేను కళ్ళారా చూశాను, కానీ ముష్టి గింజతో కాదు, ధనుర్వాతంలో. మా వార్డులో ఆ గది కిటికీలకి నల్లగుడ్డ కట్టి, తలుపు గొళ్ళేనికి కూడా దూది చుట్టేవాళ్ళం. ట్రే కింద పెట్టిన చప్పుడుకి పేషెంటు దవడ బిగిసి, నడుం మంచం మీదినుంచి లేచిపోయేది. కొత్తగా వచ్చిన అటెండర్లకి "మాట్లాడొద్దు, చెప్పులు విప్పి రా" అని రాత్రంతా చెప్పడమే పని. డయాజెపామ్ పడ్డాక గానీ వదిలేది కాదు. ధనుర్వాతం కూడా గ్లైసీన్ రిసెప్టార్ మూసెయ్యడమేనా?

రిటైర్డ్_జువాలజీ
కాదమ్మా. రిసెప్టార్ బాగానే ఉంటుంది. ఆ బాక్టీరియా విషం వెన్నుపాములోకి చేరి, గ్లైసీన్, గాబా నరాల చివర్ల నుంచి బయటికే రాకుండా చేస్తుంది. విషాలు రెండూ వేరు, రోగి వంగేది మాత్రం ఒకేలా. డయాజెపామ్ పనిచేసేది గాబా-ఏ మీద కాబట్టి, మిగిలిన ఆ కాస్త గాబాతోనే ఎక్కువ పని చేయిస్తుంది.

రాత్రి_డ్యూటీ
ఇప్పుడు అర్థమైంది సార్. ఇన్నాళ్ళూ "కండరాలకి మత్తు" అనుకున్నా.

పిల్లల వార్డులో ఉన్నప్పుడు ఇంకోటి. పుట్టిన బిడ్డ కర్రలా బిగుసుకుపోయి, ముక్కు మీద వేలితో చిన్నగా తడితే చాలు ఉలిక్కిపడేది. ఫిట్స్ అనుకుని అందరం కంగారుపడ్డాం. పెద్ద డాక్టరమ్మ వచ్చి బిడ్డ తలని, కాళ్ళని పొట్టవైపు మడిచి పట్టుకుంది. బిగువు విడిచింది, ఊపిరి ఆడింది. ఉలికిపాటు జబ్బు, పుట్టుకతో గ్లైసీన్ రిసెప్టార్‌లోనే లోపం అని చెప్పింది. క్లోనజెపామ్ మొదలుపెట్టారు. మడవడం ఎలాగో వాళ్ళమ్మకి నేర్పించి గానీ డిశ్చార్జ్ చెయ్యలేదు.

న్యూరో_నవ్య
అక్కా, ఆ జబ్బుకి జన్యువు 1993లో దొరికింది, గ్లైసీన్ రిసెప్టార్ ఆల్ఫా-1. ఇక్కడా పాడైంది గ్లైసీన్, ఆదుకునేది క్లోనజెపామ్ పనిచేసే గాబా-ఏ.

పసిబిడ్డల మాటొచ్చింది కాబట్టి చెప్తా. పుట్టకముందు, పుట్టిన కొత్తల్లో చాలా నాడీకణాల లోపల క్లోరైడ్ ఎక్కువ. అప్పుడు గాబా-ఏ తెరుచుకుంటే క్లోరైడ్ బయటికి పోతుంది, కణం ఆగడం పోయి రెచ్చుతుంది. పెరిగేకొద్దీ కేసీసీ-2 అనే ప్రోటీన్ క్లోరైడ్‌ని తోడి బయట పోసి లెక్క సరిచేస్తుంది. రిసెప్టార్ అదే, గాబా అదే, ఫలితం తలకిందులు.

సందేహం_సుబ్బు
అయితే పసిపిల్లల ఫిట్స్‌కి గాబా-ఏ మీదే పనిచేసే ఫినోబార్బిటోన్ ఇవ్వడం తప్పంటావా?

రాత్రి_డ్యూటీ
సుబ్బూ, ఇక్కడ చదివి ఎవరైనా బిడ్డ మందు ఆపేస్తే ఎవరిది బాధ్యత? ఫినోబార్బిటోన్‌తో తగ్గే బిడ్డలని చానా మందిని చూశాను. తగ్గనివాళ్ళనీ చూశాను, అప్పుడు ఇంకోటి కలుపుతారు.

న్యూరో_నవ్య
అక్క చెప్పిందే నా మాట. ఈ సిద్ధాంతం నమ్ముకుని యూరప్‌లో బ్యూమెటనైడ్ కలిపి చూశారు, కణంలోకి క్లోరైడ్ చేరకుండా ఆపుతుందని. ఫిట్స్ మీద ఆశించినంత పని చెయ్యలేదు, పైగా కొందరు బిడ్డలకి వినికిడి దెబ్బతింది. మధ్యలోనే ఆపేసి 2015లో ప్రచురించారు. ఎలుకలో తేలినంత మాత్రాన ఊయలలో బిడ్డకి ఇచ్చెయ్యలేం.

బైరాగిపట్టెడ_బుజ్జి
ఆన్‌లైన్‌లో గాబా మాత్రలే అమ్ముతున్నారు, ఆఫర్ కూడా ఉంది. ఈ గొడవంతా లేకుండా నేరుగా అదే మింగితే పోలా?

నీలకంఠ_ఫార్మా
రక్తంలోంచి మెదడులోకి గాబా సరిగ్గా దాటదు బుజ్జీ. మెదడు తనకి కావాల్సింది గ్లూటమేట్‌లోంచి తనే తయారు చేసుకుంటుంది, దానికి బీ-6 విటమిన్ కావాలి. టీబీ మందు ఐసోనియాజిడ్ ఎక్కువ మోతాదులో మింగినవాళ్ళకి ఫిట్స్ వచ్చేది ఈ తయారీ ఆగిపోయే. అక్కడ విరుగుడు బీ-6 ఇంజెక్షనే. ఆఫర్ డబ్బులతో బెంగళూరా మామిడికాయలు కొనుక్కో.

పుంగనూరు_పొట్టావు
బెంగళూరాకి రేటు లేదని రైతులు ఏడుస్తున్నారు, కొంటే పుణ్యం కూడా.

కవిత_చిత్తూరు
బాలింతల గురించి ఎవరూ చెప్పలేదే. మా చెల్లికి కాన్పు తర్వాత దిగులు పట్టుకుంటే ఇంట్లో దిష్టి అన్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఆలోప్రెగ్ననలోన్ అనే హార్మోన్ లాంటిది బాగా పెరిగి, కాన్పవగానే దబ్బున పడిపోతుందట. అదీ గాబా-ఏ మీదే పనిచేస్తుందట, నిజమేనా?

న్యూరో_నవ్య
నిజమే కవితక్కా. అది ముఖ్యంగా డెల్టా ముక్క ఉన్న గాబా-ఏలని గట్టిగా కదుపుతుంది. ఇవి సినాప్స్‌లో, అంటే రెండు నాడీకణాలు కలిసే చోట, కాకుండా దాని పక్కన ఉంటాయి, చుట్టూ ఉన్న కొద్దిపాటి గాబాకే స్పందిస్తూ కణాన్ని ఎప్పుడూ కాస్త అదుపులో ఉంచుతాయి. బెంజోలు వీటి మీద పనిచెయ్యవు. ఆ పదార్థాన్నే మందుగా చేసి, బ్రెక్సనలోన్ పేరుతో, 2019లో అమెరికాలో అనుమతించారు. 60 గంటలు సెలైన్‌లా ఎక్కించాల్సి వచ్చేది. 2023లో నోటితో వేసుకునే జురనలోన్ వచ్చింది. బాలింత దిగులుకి ఇవే దిక్కు అని కాదు, మామూలు మందులూ కౌన్సెలింగూ ఉన్నాయి. చెల్లిని మాత్రం డాక్టరుకి చూపించండి, దిష్టి తీసినా సరే.

కవిత_చిత్తూరు
చూపించాం. ఇప్పుడు బాగుంది. దిష్టి తీసిన అవ్వ మాత్రం క్రెడిట్ తనదే అంటోంది.

సందేహం_సుబ్బు
సరే, డెల్టా సంగతికి తలొగ్గుతా. బెంజో పనిచెయ్యని చోట వేరే మందు పనిచేసిందంటే అది ఉత్త పేరు కాదు. వేల రకాలు అనేదానికి మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది.

టమోటా_మదనపల్లె
మీ చర్చలో నాకు సగం తెలీదు గానీ, మందు కొట్టేవాణ్ణి కాబట్టి అడుగుతున్నా. టమోటాలో కాయతొలుచు పురుగుకి ఎమామెక్టిన్ కొడతాం. కొట్టిన కాసేపటికే పురుగు తినడం మానేసి కదలకుండా వేలాడుతుంది, చచ్చేది తర్వాత. వరికి ఫిప్రోనిల్. వెనకటికి ఎండోసల్ఫాన్ కొట్టేరోజుల్లో గాలికి ఎదురెళ్ళి కొట్టినవాడు గట్టు మీద ఫిట్స్ వచ్చి పడిపోతే చూసినాం. ఇవన్నీ నరాల మందులే అంటారు. మీరు చెప్పే రిసెప్టార్లేనా?

రిటైర్డ్_జువాలజీ
ఈ థ్రెడ్‌లో ఇంతవరకు వచ్చినవాటిలో ఇదే మంచి ప్రశ్న. ఫిప్రోనిల్, ఎండోసల్ఫాన్ రెండూ గాబా క్లోరైడ్ చానెల్‌ని మూసేస్తాయి. బ్రేకు పోయి పురుగు నరాలు రెచ్చి చస్తుంది. ఫిప్రోనిల్‌కి పురుగు రిసెప్టార్ అంటే మోజు ఎక్కువ, మన రిసెప్టార్ అంటే తక్కువ. ఎండోసల్ఫాన్‌కి ఆ వివక్ష సరిగ్గా లేదు, మనిషికీ ఫిట్స్ తెప్పిస్తుంది. 2011లో సుప్రీంకోర్టు ఆపించింది.

ఎమామెక్టిన్ దారి వేరు. పురుగుల్లో గ్లూటమేట్‌తో తెరుచుకునే క్లోరైడ్ చానెల్ ఒకటుంది. మన మెదడులో గ్లూటమేట్ రెచ్చగొట్టేది, వాటిలో ఈ చానెల్ దగ్గర అదే ఆపేది. మనకి ఈ చానెల్ లేనే లేదు. ఎమామెక్టిన్ దాన్ని తెరిచి వదిలేస్తుంది, ఇక మూతపడదు. పురుగుకి పక్షవాతం. మీరు చూసింది అదే నాయనా, తినడం ఆగి వేలాడటం.

టమోటా_మదనపల్లె
భలే ఉంది సార్. మరి మనకి ఆ చానెల్ లేదంటే మాస్కు లేకుండా కొట్టొచ్చా?

నీలకంఠ_ఫార్మా
వద్దే వద్దు. మోతాదు మించితే ఈ జాతి మందులు మన గాబా-ఏనీ ముట్టుకుంటాయి. మామూలుగా మెదడులోకి పోకుండా రక్తనాళాల గోడలో ఒక పంపు వాటిని బయటికి నెడుతుంది. లీటరు తాగేసినవాడికి ఆ పంపు చాలదు. మాస్కు, చేతులకి తొడుగులు, గాలివాలు మూడూ చూసుకో.

టమోటా_మదనపల్లె
సరే అన్నా. ఇంకోటి. మేకలకి పురుగులకని ఐవర్‌మెక్టిన్ తెచ్చినా, అదీ ఈ జాతే అంట కదా. కుక్కకి గోమార్లు పట్టినాయి, కొంచెం దానికీ వేసేదా?

న్యూరో_నవ్య
అదే జాతి. కోలీ లాంటి కొన్ని జాతి కుక్కల్లో నీలకంఠన్న చెప్పిన ఆ పంపు పుట్టుకతోనే చెడిపోయి ఉంటుంది. మందు మెదడులోకి పోయి గాబా-ఏలని పట్టేసి, కుక్క తూలిపోయి కోమాలోకి వెళ్తుంది.

టమోటా_మదనపల్లె
మాది కోలీ కాదు మేడమ్, కోళ్ళని తరిమే నాటు కుక్క.

నీలకంఠ_ఫార్మా
నాటుదైనా మేకల సీసాలోంచి కొలవొద్దు, దాంట్లో మందు గాఢత వేరే. పశువుల ఆస్పత్రికి తీసుకుపో, బరువు తూచి వాళ్ళే వేస్తారు.